బయటి అంచు

నడుం పట్టేసింది శుక్రవారం. ఆరడుగుల గాజు పలకని గోడవార నుంచి తీసి బల్ల మీద పడుకోబెట్టబోతుంటే, సగంలో ఉండగా వెన్నులో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. పలక వదిలేస్తే నడుం దక్కేది. అద్దాలాయన పలకనే దక్కించుకున్నాడు. ముప్పయ్యేళ్ళుగా గాజూ అద్దాలూ కోసి అమ్ముతున్నవాడికి ఆ క్షణంలో వేరే ఆలోచన రాదు.

ఆదివారం తొమ్మిదిన్నరకి మైదానం చేరేసరికి ఆయన దగ్గరున్న సరుకు ఇదీ: వంగని నడుం ఒకటి, ముఖానికి కట్టుకునే ఇనప జాలీ ఒకటి, బంతులు లెక్కపెట్టుకోవడానికి బొటనవేలితో తిప్పే చక్రాల డబ్బీ ఒకటి. లేనివాడు రెండో అంపైరు.

రెండో అంపైరు బస్సు కండక్టరు. పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అన్నా, మెట్టు దిగుతుంటే మడమ మెలికపడింది. ఇవాళ బేసులు కూడా మీరే చూసుకోవాలి."

"నేనే వంగలేక చస్తున్నానయ్యా."

"అయితే ఇద్దరం కలిపి ఒక మనిషిమన్నమాట. ఆ మనిషి మీరే అవ్వండి" అని పెట్టేశాడు.

ఆ ఊళ్ళో ఆదివారాలు సాఫ్ట్‌బాల్ ఆడే జట్లు ఆరు. అన్నీ పనిచేసుకునేవాళ్ళవే. పిచ్చర్ చెయ్యి కిందనుంచి తిప్పి బంతి విసరాలి. నేలలో పాతిన తెల్లటి పలక, దాన్ని హోం ప్లేట్ అంటారు, దాని మీదుగా, బ్యాటు పట్టుకున్నవాడి మోకాలికీ ఛాతీకీ మధ్యన బంతి పోతే స్ట్రైక్. పక్కగా పోతే బాల్. మూడు స్ట్రైకులైతే బ్యాటర్ ఔటు. నాలుగు బాల్స్ అయితే శ్రమ లేకుండా మొదటి బేసుకి, అంటే పరుగు దారిలో మొదటి మజిలీకి, నడిచిపోతాడు. ఏది స్ట్రైకు, ఏది బాలు అన్నది ప్లేటు వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ వెనక గొంతుక్కూర్చున్నట్టు వంగి చూసే అంపైరు చెప్పాలి. మూడేళ్ళుగా ఆ చోటు అద్దాలాయనది. నూలుపోగంత తేడా పట్టే కన్ను అని పేరు. "అద్దాలాయన అన్నాడంటే అయిపోయింది" అని ఓడినవాళ్ళు కూడా చెప్పులు తొడుక్కునేవారు.

ఇవాళ ఆ కన్ను ఉంది, దాన్ని కిందికి దించే నడుం లేదు. నిటారుగా నిలబడితే క్యాచర్ వెనకనుంచి చూసినా ఒకటే, ఇంట్లో కూర్చుని చెప్పినా ఒకటే. పైగా బేసుల దగ్గర పరుగెత్తేవాళ్ళని చూసే మనిషి లేడు. అద్దాలాయన మైదానమంతా ఒకసారి కలయజూసి, వంగకుండా ప్లేటూ, మెడ తిప్పితే బేసులూ కనబడే చోటు ఒక్కటే ఉందని తేల్చుకున్నాడు. రెండు జట్ల కెప్టెన్లనీ పిలిచి, పిచ్చర్ వెనక్కి వెళ్ళి నిలబడి చూపించాడు.

"ఇక్కడా?" అన్నాడు బస్సు వర్క్‌షాపు జట్టు కెప్టెన్, ఫోర్‌మన్. "అంపైరువా, పిచ్చర్‌కి బాడీగార్డువా?"

"వంగలేను బాబూ. ఇష్టం లేకపోతే చెప్పు, ఇంటికెళ్ళి పడుకుంటా."

"నీ ఇష్టం అన్నా. చెట్టెక్కి చెప్పినా నాకేం లేదు" అని ఫోర్‌మన్ నవ్వాడు. అవతలి జట్టు పార్శిల్ ఆఫీసువాళ్ళది. వాళ్ళ సూపర్‌వైజరే కెప్టెన్. ఆయన సరేనని తలాడించి, వెళ్ళబోతూ ఆగి, తన పిచ్చర్ వైపు తిరిగాడు.

"నలుగురు. గుర్తుంది కదా? ఇవాళ ఈ సీజన్ ఆఖరి ఆట. నలుగుర్ని నడిపించావో, వచ్చే సీజన్ జాబితాలో నీ పేరుండదు. మా బామ్మర్ది వేస్తాడు."

"గుర్తుంది సార్" అంది ఆమె.

ఆమెని అందరూ పార్శిలక్క అంటారు. వారానికి ఆరు రోజులు వచ్చిన కట్టల్ని చిరునామా చూసి పదహారు సంచుల్లోకి విసిరే పని. కదలకుండా, నిలబడ్డచోటినుంచే, మణికట్టుతో. ముప్పయ్యైదేళ్ళుంటాయి. ఆదివారం పది నుంచి పన్నెండు దాకా ఇంట్లోవాళ్ళు ఆమెని ఏమీ అడగకూడదని ఒప్పందం చేసుకుందనీ, దానికోసం మిగిలిన వారమంతా ఎవరు ఏమడిగినా కాదనదనీ అద్దాలాయన భార్య ఎక్కడో విని వచ్చి చెప్పింది. మంచి పిచ్చరే, కాని నిలకడలేదని అద్దాలాయన లెక్క. అందరికంటే ఎక్కువమందిని నడిపించేది ఆమే.

అద్దాలాయన ఆమె ఎడమ భుజానికి నాలుగడుగుల వెనక, నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు.

"బాబాయ్, అడ్డం అనుకోకండి, చెయ్యి తిప్పినప్పుడు దుమ్ము మీమీద పడుద్ది" అంది ఆమె.

"పడనీ తల్లీ. వెయ్యి."

మొదటి బంతి వేసింది. ఆయనకి మొదట తెలిసింది చప్పుడు. వేళ్ళు బంతి కుట్ల మీదనుంచి జారే చప్పుడు, గుడ్డ చించినట్టు సన్నగా. మూడేళ్ళలో ఆ చప్పుడు ఆయన ఒక్కసారీ వినలేదు. క్యాచర్ వెనక వినపడేది బంతి తోలు గ్లవ్‌లో పడే దెబ్బ మాత్రమే. బంతి పుట్టే చప్పుడు ఇదన్నమాట అనుకున్నాడు. ఆ అనుకోవడంలో బంతి చూడ్డం మర్చిపోయాడు. క్యాచర్ చెయ్యి బయటివైపుకి చాచి పట్టుకుని ఉన్నాడు. అలవాటు ప్రకారం ఆ చేతిని చూసి, "బాల్" అన్నాడు.

రెండోదీ అక్కడే పట్టాడు. బాల్. మూడోది సరిగ్గా నడిమధ్య. స్ట్రైక్. తర్వాతవి రెండూ మళ్ళీ బయట. బ్యాటర్ బ్యాటు కిందపడేసి మొదటి బేసుకి నడిచిపోయాడు. గీత అవతల సూపర్‌వైజరు ఒక వేలు ఎత్తి చూపించాడు.

రెండో ఇన్నింగ్స్‌లో రెండో వేలు లేచింది.

ఆమె ఎప్పటిలాగే అరచెయ్యి మట్టిలో రుద్దుకుని, ప్యాంటుకి తుడుచుకుని, మళ్ళీ నిలబడింది. వెనకనుంచి చూస్తుంటే ఆమె మెడమీద చెమట, జడ బిగించిన రబ్బరు బ్యాండు, కుడి మోచేతి కింద గోనె తాడు రాసుకుని కాయకాసిన గుర్తు, అన్నీ కనబడుతున్నాయి. చెయ్యి గుండ్రంగా తిరిగేటప్పుడు ఆమె ఒళ్ళంతా ఒక్కసారి ఆగినట్టుంటుంది. ఆ ఆగడంలోనుంచి బంతి వస్తుంది.

మూడో ఇన్నింగ్స్‌కి ఎండ నడినెత్తికి వస్తోంది. మబ్బు ముక్క కూడా లేదు. అద్దాలాయన కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎండ కొట్టకుండా చూపు కిందికి దించుకున్నందువల్ల, ఆయనకి ఆ బంతి కాకుండా బంతి నీడ కనబడింది.

నీడ ఎర్రమట్టి మీద బత్తాయికాయంత ఉంది. పిచ్చర్ కాలి దగ్గర మొదలై, బంతికి సరిగ్గా కింద, నేలని అంటిపెట్టుకుని పరుగెత్తింది. ప్లేటుకి రెండడుగుల ముందు దాకా తిన్నగా వెళ్ళింది. అక్కడ, ఎవరో పిలిచినట్టు, ఎడమకి ఒరిగింది. తెల్లటి ప్లేటు బయటి అంచు మీద నల్లటి చుక్కై ఒక్క లిప్త నిలబడి, దాటి, క్యాచర్ గ్లవ్ కిందికి పోయింది. గ్లవ్ అప్పటికి ప్లేటుకి అడుగు బయట ఉంది.

ఆయన నోరు "బాల్" అనడానికి సగం తెరుచుకుంది.

తెల్లదాని మీద నల్లది. గాజు మీద గీత ఎంత స్పష్టమో అంత స్పష్టంగా చూశాడు. ప్లేటు మీదుగా పోయింది. మోకాలికి పైనే పోయింది. పోయాక బయటికి వెళ్ళింది. క్యాచర్ పట్టిన చోటు వేరు, బంతి ప్లేటు దాటిన చోటు వేరు. ఈ రెండింటి మధ్యన అడుగు దూరం.

"అన్నా, నోరు తెరిచావ్, మాట రాలేదు" అన్నాడు బ్యాటర్.

"స్ట్రైక్" అన్నాడు అద్దాలాయన.

బ్యాటర్ ప్లేటు వంకా అంపైరు వంకా చూశాడు. క్యాచర్ నిలబడి ముఖం మీది జాలీ పైకెత్తాడు. అతను పార్శిల్ లారీల మెకానిక్కు. కూర్చున్నచోట కూర్చోలేడని అందరూ స్ప్రింగు అంటారు. ఆ స్ప్రింగు ఇప్పుడు కదలకుండా ఉన్నాడు. పార్శిలక్క వెనక్కి తిరగలేదు. బంతి చేతికొచ్చాక దాన్ని రెండుసార్లు అరచేతిలో తిప్పి చూసుకుంది, అది వేరే బంతేమో అన్నట్టు. తర్వాత మళ్ళీ అక్కడే వేసింది.

ఈసారి ఆయన నీడని నమ్మలేదు. బంతినే చూశాడు. దారం లాగినట్టు తిన్నగా పోతున్న వస్తువు, తలుపు దగ్గర చెప్పులు విప్పడానికి ఆగిన మనిషిలా, చివర్లో కొంచెం తగ్గి, పక్కకి జరగడం చూశాడు. కుట్లు తిరుగుతూ ఎర్రటి చక్రమవడం చూశాడు. యాభైయ్యారేళ్ళలో చాలా నైపుణ్యం చూశానని ఆయన అనుకుంటూ వచ్చాడు. చేతిలో వజ్రపు మొన లేకుండా, కొలబద్ద లేకుండా, నలభై అడుగుల అవతల ఉన్న అంగుళం వెడల్పు అంచు మీద గీత గీసే చెయ్యి ఇదే మొదలు.

"స్ట్రైక్."

మూడోదీ అక్కడే. బ్యాటర్ బ్యాటు కదపనేలేదు. ఔటు.

అలా మొదలైంది. వాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చి గుంజల్లా నిలబడి వెళ్ళారు. బంతి బయటి అంచుమీద పడుతున్నంతసేపూ ఎవరూ బ్యాటు ఊపరు. ఎందుకు ఊపరో అద్దాలాయనకి అర్థంకాలేదు. ఐదో ఇన్నింగ్స్‌లో ఒకటి నిజంగానే బయటికి పోయింది, రెండు వేళ్ళ తేడా. బాల్ అన్నాడు. అదే మనిషికి ఇంకో మూడు అలాగే పోయాయి. బాల్. మూడో మనిషి నడిచాడు, సూపర్‌వైజరు మూడో వేలు ఎత్తాడు. ఆమె ఈసారి వెనక్కి తిరిగి, తలూపింది. నిజమే, బయటికే పోయింది అన్నట్టు. మూడేళ్ళలో ఆయన మాటకి ఆమె తలూపడం అదే మొదటిసారని అద్దాలాయనకి తట్టింది.

ఏడో ఇన్నింగ్స్‌లో ఆఖరి మనిషి ఫోర్‌మన్. పార్శిల్ జట్టు ఒక్క పరుగు పైన ఉంది. మూడు బాల్స్, రెండు స్ట్రైకులు. ఇంకో బాల్ అయితే నాలుగో వేలు.

ఆమె ఆగింది. మట్టి రాసుకుంది. చెయ్యి తిరిగింది. గుడ్డ చిరిగిన చప్పుడు. బంతి అంచు మీదికి వచ్చి, ఒరిగి, అంచు తాకీ తాకనట్టు దాటిపోయింది. ఫోర్‌మన్ బ్యాటు కిందపడేసి బేసు వైపు నాలుగడుగులు వేసేశాడు.

"స్ట్రైక్. ఔట్."

"ఏంటీ?" ఫోర్‌మన్ వెనక్కి వచ్చాడు. "అది స్ట్రైకా? మూడేళ్ళుగా అది బాలే కదన్నా! నీ నోటితోనే కదా!"

అద్దాలాయన చక్రాల డబ్బీని సున్నాకి తిప్పి జేబులో వేసుకున్నాడు.

సోమవారం కొట్టు తెరవడానికి గంట ముందు భార్యని వెంటబెట్టుకుని మళ్ళీ మైదానానికి వెళ్ళాడు. ఏ పనికో చెప్పలేదు. చెబితే రాదు.

"ఇక్కడ కూర్చో. గొంతుక్కూర్చో. ఆఁ, కొంచెం అటు."

"ఏంటండీ ఇది? నన్ను చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఎవరూ లేరు. బంతి పట్టేదానిలా చెయ్యి అటు చాపు."

"నేనెప్పుడు పట్టాను బంతి? గిన్నె పట్టినట్టు పడతా, చూసుకోండి."

బంతిని తెచ్చి ప్లేటు బయటి అంచు మీద పెట్టాడు. తర్వాత ఆమె వెనక్కి వచ్చి, చేతికర్ర మీద బరువంతా వేసి, పళ్ళు బిగబట్టి, వెన్నులో మేకు మళ్ళీ దిగుతుంటే, మూడేళ్ళు వంగినంత వంగాడు. మూడేళ్ళు చూసిన చోటినుంచి చూశాడు.

"కనబడుతోందా?" అందామె.

"లేదు."

"ఏం అడ్డం?"

"నీ తల."

"పెళ్ళైన ఇన్నేళ్ళకి కక్కారు ఆ మాట."

ఆయన నవ్వలేదు. ప్లేటు లోపలి సగం కనబడుతోంది. మధ్య కనబడుతోంది. బయటి అంచు, అరచేతి వెడల్పు మేర, ఆమె చెవి వెనక మాయమైపోయింది. తల కొంచెం పక్కకి పెట్టమన్నాడు. అప్పుడు భుజం అడ్డం వచ్చింది. తను పక్కకి జరిగాడు. అప్పుడు బ్యాటర్ నిలబడే చోటు అడ్డం వస్తుంది. ఎటు జరిగినా ఆ అరచేతి వెడల్పు దక్కడంలేదు. మరి మూడేళ్ళూ ఆ అంచుమీద బంతిని ఎలా చెప్పాడు? అంచుని చూసి కాదు. అంచు దాటాక క్యాచర్ చెయ్యి ఎక్కడ ఆగిందో చూసి. పిచ్చర్ వేసింది చూడకుండా పట్టేవాడి చేతిని చూసి చెప్పాడు. తిన్నగా వేసేవాళ్ళకి అందులో తేడా రాదు. బంతి చివర్లో ఒరిగేవాళ్ళకే వస్తుంది. అలా ఒరిగించేది ఊరుమొత్తానికీ ఒక్కతే.

"లేవమంటారా? మోకాళ్ళు పట్టేస్తున్నాయి" అంది భార్య.

"ఇంకొక్క నిమిషం" అన్నాడు గాని, ఆయన చూడ్డానికి ఇంకేం లేదు. ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని లేచారు. ఎవరు ఎవర్ని లేపారో తేలలేదు. దారిలో ఆమెకి విషయమంతా చెప్పాడు.

వీధి మలుపులో ఆగి, "ఆ అమ్మాయికి తెలుసంటారా?" అంది.

"తెలిస్తే అడిగేది కదా."

"అడిగే రకమైతే వారంలో రెండు గంటల కోసం ఒప్పందం రాసుకుంటుందా?"

సోమ, మంగళవారాలు ఆయన చేతిపని తిన్నగా సాగలేదు. కొలబద్ద ఆనించి, కొలిచి, మళ్ళీ కొలిచాడు. కిరసనాయిలు ముంచిన మొనతో గీత గీసి, పలకని బల్ల అంచుకి తెచ్చి, విరవబోతూ ఆగి, గీతని వేలితో తడిమి చూశాడు. తప్పులేదు. అయినా ఇంకోవైపుకి వెళ్ళి, అటునుంచి చూశాడు.

మంగళవారం మధ్యాహ్నం డ్రిల్లు మాస్టారు కొట్టుకొచ్చారు. ఆ ఆరు జట్ల ఆటలూ నడిపించే పెద్దమనిషి. స్కూల్లో వ్యాయామం నేర్పి రిటైరయ్యారు. ఇప్పటికీ నిలబడితే గడకర్రలా ఉంటారు.

"ఫోర్‌మన్ కంప్లయింటు ఇచ్చాడోయ్. అంపైరు ఉండాల్సిన చోట లేడు, అందుకని మ్యాచ్ చెల్లదు అని. రేపు సాయంత్రం నా గదిలో తేల్చేద్దాం."

"ముందు ఒప్పుకున్నాడండీ."

"ఒప్పుకున్నాడు. అక్కడినుంచి స్ట్రైకు చెప్తావనుకోలేదంటున్నాడు." మాస్టారు బల్ల అంచు మీద చెయ్యి పెట్టబోయి, గాజు చూసి తీసేశారు. "చూడు, గొడవెందుకు? అక్కడినుంచి నాకు సరిగ్గా కనబడలేదు అని ఒక్క మాట అనెయ్. నడుం నొప్పి, ఒంటరివాడివి, ఎండ. నిన్నెవరూ తప్పుపట్టరు. మ్యాచ్ మళ్ళీ ఆడిస్తా. నీ పేరు నీకుంటుంది."

"పార్శిలమ్మాయి?"

"ఆ మ్యాచ్ కొట్టేస్తే సూపర్‌వైజరు పాత లెక్కే చూస్తాడు. బామ్మర్ది పేరు రాసుకుని జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. అది వాళ్ళ జట్టు సంగతి, మనదికాదు."

ఆయన వెళ్ళాక అద్దాలాయన చాలాసేపు లెక్కేసుకున్నాడు. రెండే మాటలు. కనబడలేదు అంటే ఒక అబద్ధం, ఒక ఆదివారం వృథా, అంతే. కనబడింది అంటే మూడేళ్ళ ఆదివారాలన్నీ ఒక్కొక్కటే లేచి వచ్చి నిలబడతాయి. ఏ మ్యాచ్ ఎవరు గెలిచారు, ఏ సీజన్ ఎవరు కప్పు పట్టుకెళ్ళారు, అన్నింటికీ తన నోరే పూచీ. వ్యాపారి ఎవడైనా మొదటిదే తీసుకుంటాడు. తనూ తీసుకునేవాడే, ఆ నీడని చూడకపోయుంటే.

బుధవారం మాస్టారి గదిలో ఇనప కుర్చీలు నాలుగు, బెంచీ ఒకటి. ఫోర్‌మన్, సూపర్‌వైజరు కుర్చీల్లో, స్ప్రింగు కిటికీలో. పార్శిలక్క పని దిగి అలాగే వచ్చినట్టుంది, చేతికి గోనె పీచు అంటుకుని ఉంది. బెంచీ చివర కూర్చుంది. అద్దాలాయన కూర్చోలేదు. కూర్చుంటే లేవడం కష్టం.

"చెప్పవోయ్" అన్నారు మాస్టారు. "అక్కడినుంచి నీకు సరిగ్గా కనబడిందా, లేదా?"

"కనబడింది."

మాస్టారు కళ్ళతో ఆగమన్నారు. ఆయన ఆగలేదు.

"అక్కడినుంచి కనబడింది. కనబడనిది ముందున్న చోటినుంచి. క్యాచర్ తల అడ్డం. బయటి అంచు నాకు మూడేళ్ళుగా కనబడలేదు. పట్టినవాడి చెయ్యి చూసి చెప్పాను. సోమవారం వెళ్ళి మా ఆవిణ్ణి కూర్చోబెట్టి చూసుకున్నాను. మొన్న చెప్పినవి సరైనవి. అంతకుముందు ఆ మూల నేను బాల్ అన్నవి ఎన్నో... అవి తప్పులు."

చెప్పేశాడు. గదిలో ఎవరైనా అరుస్తారని చూశాడు. ఎవరూ అరవలేదు. ఫోర్‌మన్ నేల చూస్తున్నాడు. సూపర్‌వైజరు మీసం సవరించుకున్నాడు. కిటికీలోంచి స్ప్రింగు చిన్నగా దగ్గాడు.

"ఏంటి?" అన్నాడు అద్దాలాయన.

"ఏంలేదన్నా. తెలుసు కదా అందరికీ."

"ఏం తెలుసు?"

"ఆ మూల నీకు కనబడదని." స్ప్రింగు ఇబ్బందిగా ఫోర్‌మన్ వంక చూశాడు. "మొదటి ఏడాదే తెలిసిపోయింది. బంతి అటు పోతే ఊపొద్దు, అద్దాలన్న బాల్ అంటాడు అని కొత్తగా వచ్చినవాళ్ళకి కూడా చెప్పుకుంటాం. ఆరు జట్లకీ తెలుసు."

"నిజమా?" అద్దాలాయన ఫోర్‌మన్‌ని అడిగాడు.

"మరి నేను బ్యాటు పడేసి ఎందుకు నడిచాననుకున్నావ్?" అన్నాడు ఫోర్‌మన్. గొంతులో కోపం లేదు. "మధ్యలో ఎండకి తడబడ్డావనుకున్నా. నీ పాత మాట మీద నమ్మకం కొద్దీ నడిచా."

గుంజల్లా నిలబడ్డ మనుషులందరూ అద్దాలాయన కళ్ళముందుకి వచ్చారు. మూడేళ్ళు తన కన్నుకి దణ్ణం పెడుతున్నారనుకున్నాడు. ఆ కన్ను ఎక్కడ గుడ్డిదో కొలిచి, ఆ కొలత ప్రకారం ఊరు ఊరంతా ఆట మార్చుకుంది. తొంభైమంది మనుషులు. ఒక్కరూ నోరు జారలేదు. ఆయనకి కోపం రావాల్సింది. రాలేదు. ఎంత ఓపిగ్గా, ఎంత సఫాయిగా చేశారని విస్తుపోయాడు.

"ఒక్కళ్ళైనా చెప్పొచ్చు కదరా?"

"ఎందుకన్నా? నువ్వు అందరికీ ఒకేలా చెప్పేవాడివి. ఒకళ్ళకొకటి, ఇంకొకళ్ళకొకటి కాదు. అందుకని ఎవరికీ నష్టం లేదనుకున్నాం."

ఆ మాటకి అందరి తలలూ, ఎవరూ తిప్పకుండానే, బెంచీ చివరికి తిరిగాయి. పార్శిలక్క చేతికంటిన గోనె పీచుని ఒక్కొక్కటే తీస్తోంది.

"నీకూ తెలుసా అమ్మా?" అన్నాడు అద్దాలాయన.

"తెలుసు బాబాయ్."

"మరి అక్కడే ఎందుకు వేశావ్? మధ్యలో వేస్తే సరిపోయేది కదా. మూడేళ్ళు బాల్ అన్నా మళ్ళీ అక్కడే..."

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. జవాబు కోసం కాదు, చెప్పాలా అని.

"మధ్యలో ఎవరైనా వేస్తారు. మీకోసం వేసేవి మధ్యలోనే వేసేదాన్ని, ఆటకి ఓ యాభై. అవి కొట్టేవాళ్ళు. అక్కడ వేసేవి..." పీచు ఊడిపోయింది. "అక్కడ పడ్డప్పుడు నాకు తెలుస్తుంది. మీరేమన్నా తెలుస్తుంది. ఆటకి ఓ పది, పన్నెండు నాకోసం వేసుకునేదాన్ని."

సూపర్‌వైజరు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు, చదివాడు, కలం అడిగాడు. మాస్టారు ఇచ్చారు. ఒక పేరు కొట్టి ఒక పేరు రాసి, కాగితం బల్లమీద పెట్టాడు. ఆమె వంక చూడకుండా, "పది గంటలకల్లా రా. ఆలస్యం చేస్తే ఊరుకోను" అన్నాడు.

"మ్యాచ్ నిలబడుతుంది" అన్నారు మాస్టారు. ఫోర్‌మన్ కాదనలేదు. "మరి ఈ ఆదివారం ఎక్కడ నిలబడతావోయ్? కండక్టరుకి కాలు బాగయింది. అప్పటికి నీ నడుం కూడా ఒంగుతుంది."

"కనబడే చోట" అన్నాడు అద్దాలాయన.

ఆదివారం కొత్త సీజన్ మొదటి మ్యాచ్, మళ్ళీ వర్క్‌షాపుతోనే. అద్దాలాయన ముఖం మీది జాలీని ఇంటిదగ్గరే వదిలి వచ్చి, పిచ్చర్ ఎడమ భుజానికి నాలుగడుగుల వెనక నిలబడ్డాడు. ఫోర్‌మన్ మొదటి బ్యాటర్. ఎప్పుడూ నిలబడేచోట నిలబడలేదు. అరడుగు ముందుకి, ప్లేటు మీదికి ఒంగి నిలబడి, బ్యాటు చాపి, దాని కొసతో బయటి అంచుని రెండుసార్లు తట్టి చూసుకున్నాడు. అతని వెనక గీత దగ్గర వర్క్‌షాపువాళ్ళంతా బ్యాట్లు తీసుకుని అదే దూరం కొలుచుకుంటున్నారు. మూడేళ్ళు వదిలేసిన చోటు.

పార్శిలక్క అదంతా చూసింది. మట్టి రాసుకుంది. ఇంకో చోట వెయ్యొచ్చు. లోపలికి వేస్తే ఫోర్‌మన్ ఆ నిలబడ్డ తీరుకి దొరికిపోతాడని అద్దాలాయనకే తెలుస్తోంది, ఆమెకి తెలియదా? చెయ్యి తిరిగింది. చప్పుడు విన్నాడు. బంతి తిన్నగా వెళ్ళింది, తగ్గింది, అంచు మీదికి ఒరిగింది, ఇప్పటిదాకా చూసినవాటన్నిటికంటే అందంగా.

ఫోర్‌మన్ బ్యాటు ఊపాడు.

దెబ్బ మైదానం నాలుగువైపులా మోగింది. బంతి ఆమె తల మీదుగా, అద్దాలాయన తల మీదుగా, ఎండలోకి లేచి, చిన్నదై, దూరపు కంచె అవతల పడింది. వర్క్‌షాపువాళ్ళు కేకలు పెట్టారు. ఫోర్‌మన్ పరుగెత్తడం మర్చిపోయి, తన బ్యాటు వంక చూసుకుని, అప్పుడు పరుగెత్తాడు.

అద్దాలాయన భయపడుతూ ఆమె వంక చూశాడు. ఆమె వెనక్కి తిరిగి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, బంతి పడ్డ చోటే చూస్తోంది. ముఖమంతా నవ్వు. పళ్ళు కనబడేలా ఆమె నవ్వడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

"కొట్టారు బాబాయ్!" అంది. "చూశారా? కొట్టారు!"

అద్దాలాయన జేబులోంచి కొత్త బంతి తీసి, చొక్కాకి తుడిచి, నాలుగడుగులు నడిచి వెళ్ళి ఆమె చేతిలో పెట్టాడు.